ఒక్క రాత్రి దూరం

శంషాబాద్ నుంచి డాలస్ ఎంత దూరమో ఇంటర్నెట్‌ని అడిగిచూడండి. తడుముకోకుండా చెబుతుంది. 14,400 కిలోమీటర్లు, 17 గంటల చిల్లర. చెప్పి ఊరుకోదు, పటం మీద పైకి వంగిన ఓ గీత గీసి మరీ చూపిస్తుంది. చూసినవాళ్ళకి 'ఓస్, ఇంతేనా' అనిపిస్తుంది. పొద్దున్నే కాఫీ తాగి విమానమెక్కితే పదిహేడు గంటలు తిరిగేసరికి కొడుకింట్లో ఉండొచ్చన్నమాట!

తీరా చూస్తే ఆ విమానమే లేదు. హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా ఎవరూ నడపడం లేదు. రెండు ఊళ్ళ అక్షాంశాలూ రేఖాంశాలూ తీసుకుని, మధ్య దూరం లెక్కకట్టి, దాన్ని గంటకి ఎనిమిది వందల యాభయ్యో ఎంతో వేగంతో భాగించి, ఎగరడానికీ దిగడానికీ ఓ అరగంట కలిపితే వచ్చే అంకె అది. లెక్కలో తప్పేం లేదు. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని, ఆపాటి లెక్క నేనూ వేయగలను. కాకపోతే మా ఇంట్లో ఈ ప్రశ్న అడిగిన మనిషికి ఆ అంకెతో పనిలేదు.

అడిగింది మా అత్తయ్య. 2017 వేసవిలో. అప్పటికి ఆవిడకి ఎనభై రెండేళ్ళు. సాయంత్రం వరండాలో కూర్చుని మల్లెపూలు కడుతోంది. ఉన్నట్టుండి, "అమ్మాయ్, చిన్నాడు అక్కణ్ణించి ఇక్కడికి రావాలంటే ఎంతసేపు పడుతుంది?" అంది. చిన్నాడంటే మా మరిది. డాలస్ దగ్గర ఉద్యోగం. వెళ్ళి అప్పటికే పదిహేనేళ్ళు దాటింది.

టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది! లోపలికెళ్ళి, రిటైరైనప్పుడు పిల్లలు కానుకగా ఇచ్చిన గ్లోబు పట్టుకొచ్చాను. ఆవిడ చేతిలో పూలుకట్టే దారమే తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద పెట్టి, రెండో కొస డాలస్ దాకా బిగించి లాగాను. అమెరికా అంటే పడమటి దిక్కని మనందరి లెక్క. గోడమీది పటంలో అలాగే ఉంటుంది మరి. గ్లోబు మీద దారం మాత్రం పడమటికి పోనే పోదు, తిన్నగా ఉత్తరానికి ఎక్కుతుంది. హైదరాబాద్ తూర్పు రేఖాంశం 78 డిగ్రీలు, డాలస్ పశ్చిమ రేఖాంశం 97. రెండూ కలిపితే 175. అంటే భూమికి దాదాపు ఎదురెదురు పక్కల ఉన్నాయన్నమాట. అటువంటి రెండు ఊళ్ళకి దగ్గర దారి నడినెత్తి మీదుగానే. దారం ఢిల్లీ మీదుగా వెళ్ళి, కారాకోరం కొండలెక్కి, కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి ఓ ఐదొందల కిలోమీటర్ల పక్కనుంచి అవతలికి దిగింది. అక్కణ్ణించి కెనడా మంచు దీవులు, ఆ కింద అమెరికా. మా గ్లోబు ముప్ఫై సెంటీమీటర్లది. దారం తీసి స్కేలుతో కొలిస్తే ముప్ఫైనాలుగు సెంటీమీటర్లు తేలింది.

అత్తయ్య ఆ దారాన్ని తన జానతో కొలుచుకుంది. "జానెడున్నరే కదా! ఇంతదానికి రోజంతా ఎందుకు పడుతుందే?" అంది.

ఎందుకు పడుతుందో ఆవిడకి తెలియక కాదు. 2009లో ఆవిడ ఆ దారినే ఒంటరిగా వెళ్ళొచ్చింది. మామయ్యగారు పోయిన మరుసటేడు చిన్నాడు పట్టుబట్టి తీసుకెళ్ళాడు. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో తెరిచారు. అంతకుముందు బేగంపేటకి వెళ్ళి సాగనంపడమంటే ఊళ్ళో తిరణాలకి వెళ్ళినట్టుండేది. ఒక్కరు విమానమెక్కడానికి పద్నాలుగుమందిమి జీపుల్లో వెళ్ళేవాళ్ళం. శంషాబాద్‌లో అద్దాల తలుపు దగ్గరే మమ్మల్ని ఆపేశారు. ఇంగ్లీషు రాని అమ్మలందరికీ అప్పటికే అలవాటైన ఉపాయం మేమూ వాడాం, వీల్‌చైర్ కావాలని రాయించాం. గుళ్ళో నూటెనిమిది ప్రదక్షిణలు చేసే మనిషి, గోంగూర పచ్చడి మూట ఒళ్ళో పెట్టుకుని దొరసానిలా కూర్చుని లోపలికి వెళ్ళింది.

అది శనివారం. ఆవిడకి శనివారం ఒంటిపూట భోజనం. తెల్లవారుజామున నాలుగింటికి ఇక్కడ విమానం లేచింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి ఇంకోటి ఎక్కింది. డాలస్‌లో దిగేసరికి అక్కడ సాయంత్రం అయిదు. అదీ శనివారమే! ఎండాకాలంలో మనకీ వాళ్ళకీ పదిన్నర గంటల తేడా కాబట్టి ఆవిడకి ఆ శనివారం ముప్ఫైనాలుగున్నర గంటలు నడిచింది. సూర్యుడితో పందెం వేసుకుని పడమటికి వెళ్ళేవాళ్ళందరికీ జరిగేదే. "ఎప్పుడు కిటికీ తీసినా పగలే. ఏ పూట తినాలో తెలియక ఒక అరటిపండుతో సరిపెట్టా" అని తర్వాత చాలాకాలం అందరికీ చెప్పుకుంది. వైకుంఠ ఏకాదశి ఉపవాసాలు కూడా దాని ముందు దిగదుడుపేనట.

అందుకని ఆ రోజు వరండాలో ఆవిడ దూరం అడిగినప్పుడు సరదాకి అనుకున్నాను. నేరుగా విమానం ఎందుకు లేదో ఉత్సాహంగా చెప్పుకుపోయాను. కారాకోరం కొండల్లో ఎనిమిదివేల మీటర్లు దాటిన శిఖరాలున్నాయి. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే పదివేల అడుగులకి దిగాలి, అక్కడ దిగడానికి చోటుండదు, అందుకే అటువైపు పోకుండా చుట్టు తిరుగుతారు. ధ్రువం దగ్గర చలికి ఇంధనం మరీ చల్లబడిపోకుండా కనిపెట్టుకుని ఉండాలి. అన్నిటికన్నా పెద్ద సంగతి బరువు. పదిహేడు గంటలకి సరిపడా ఇంధనం మోసుకెళ్ళడానికే సగం ఇంధనం ఖర్చవుతున్నట్టుంటుంది. అలాగని అంతదూరం ఎగరలేవని కాదు. 2018లో సింగపూర్ నుంచి న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఆగకుండా వెళ్ళే విమానం మళ్ళీ మొదలైంది. అందులో మనలాంటివాళ్ళు కూర్చునే ఎకానమీ సీట్లే పెట్టలేదు!

దుబాయ్ మీదుగా వెళ్తే ఎంత చుట్టో కూడా లెక్కేశాను. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, అక్కణ్ణించి డాలస్ 12,900. వెరసి 15,450. నేరు దారికన్నా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. కిలోమీటర్లలో చూస్తే చుట్టే కాదు. వెళ్ళేటప్పుడు దుబాయ్ నుంచి పదహారు గంటలకి పైన పడుతుంది, వచ్చేటప్పుడు పదిహేను లోపే. పై ఎత్తున పడమటి నుంచి తూర్పుకి వీచే గాలి వచ్చేవాళ్ళని వెనకనుంచి తోస్తుంది. ఇది వినగానే అత్తయ్య తల ఊపింది. "ఇంటిమొహం పట్టిన ఎడ్లు అంతేగా" అంది.

ఆ తర్వాత దారాన్ని మళ్ళీ పూలకి చుట్టుకుంటూ మెల్లగా అసలు సంగతికొచ్చింది. "అయితే కబురందాక వాడు రావాలంటే ఒక రాత్రా, రెండు రాత్రులా?"

అప్పుడర్థమైంది నాకు. మా వైపు తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెట్టాలంటారు. పెద్దాడు, అంటే మా వారు, ఇదే ఇంట్లో ఉన్నారు. కావలసినవాడు జానెడున్నర అవతల ఉన్నాడు.

నేనేం మాట్లాడలేదు. ఆవిడే చెప్పింది. మా వీధి చివరింటి పెద్దావిడ పోయినప్పుడు కొడుకు కోసం నాలుగు రోజులు ఉంచారు. ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు, పక్క రెండిళ్ళలోనూ సరిగ్గా వండుకోలేదు. వీధి మొగలో గుడి తలుపులు మూసేశారు. ఫ్రీజర్ పెట్టె మోటారు రాత్రంతా గుర్రుమంటుంటే పసిపిల్లలు నిద్రపోలేదు. ఏడవడానికి వచ్చినవాళ్ళు మూడోరోజుకి గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు. అదంతా అత్తయ్య దగ్గరుండి చూసింది. "నన్ను ఒక్క రాత్రి ఉంచండి. అందితే అందాడు. రెండో రాత్రి వద్దు" అంది. పూలదండ తుంచి నా చేతిలో పెట్టి సంధ్యదీపానికి లేచింది.

మరుసటేడు నవంబరులో, ఒక గురువారం తెల్లవారుజామున అయిదూ పదికి అత్తయ్య పోయింది. నిద్రలోనే. డాలస్‌లో అప్పుడు బుధవారం సాయంత్రం అయిదూ నలభై. మా మరిది ఆఫీసు నుంచి ఇంటికొస్తూ కారులో ఉన్నాడు.

ఆ తర్వాతి గంటలు నాకు రైలు టైంటేబుల్లా గుర్తున్నాయి. ఆ రాత్రి బయల్దేరే విమానాల్లో ఎక్కడా సీటు లేదు. దొరికింది మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకి, దుబాయ్ మీదుగా. దుబాయ్‌లో తొమ్మిది గంటలు ఆగాలి. శంషాబాద్‌లో శనివారం తెల్లవారుజామున మూడింటికి దిగుతాడు. అక్కణ్ణించి నార్కెట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, అద్దంకి మీదుగా ఒంగోలు. ఎంత తోలినా ఆరు గంటలు. ఇంటి గుమ్మం తొక్కేసరికి శనివారం ఉదయం తొమ్మిదిన్నర. నేను క్యాలెండరు వెనక రాసుకుని కూడాను. మొత్తం యాభైరెండు గంటల ఇరవై నిమిషాలు. అందులో అతను గాల్లో ఉండేది పద్దెనిమిదింబావు గంటలు. మిగతా ముప్ఫైనాలుగు గంటలూ సీటు కోసం, ఇంకో విమానం కోసం, రోడ్డు కోసం.

యాభైరెండు గంటలంటే రెండు రాత్రులు.

ఇంట్లో అత్తయ్య మాట చెప్పాను. పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. చిన్నకొడుకు బయల్దేరుతున్నాడని తెలిసి కూడా ఆగకుండా ఎలా తీసుకెళ్తామని అత్తయ్య తమ్ముడు గట్టిగానే అన్నాడు. ఆయన బాధ ఆయనది. ఆ మాట ఆవిడ అన్నప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. పైగా కోడల్ని. 'ఒక్క రాత్రే ఉంచమంది' అని కోడలు చెబితే ఎలా ఉంటుందో మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకావిడ నా మొహంకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మా వారు ఎటూ చెప్పలేక వరండా స్తంభానికి ఆనుకుని నిలబడిపోయారు.

చివరికి మరిదికి ఫోన్ చేశాం. స్పీకరు పెట్టి అందరి ముందూ అడిగాం. చాలాసేపు అటునుంచి మాట రాలేదు, లైను తెగిపోయిందేమో అనుకున్నాం. తర్వాత అన్నాడు, "నాకూ చెప్పింది వదినా. పోయిన దసరాకి ఫోన్లో చెప్పింది. మీతో అనడానికి నాకు నోరు రాలేదు. అన్నయ్యనే పెట్టమనండి." మామయ్య ఆ తర్వాత ఏమీ మాట్లాడలేదు. కండువాతో మొహం తుడుచుకుని, వెళ్ళి తనే సామాన్ల చీటీ రాయించాడు.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి తీసుకెళ్ళారు. అప్పటికి మా మరిది దుబాయ్‌లో దిగి రెండు గంటలు దాటింది. వీడియోలో చూపిద్దామని మా మేనల్లుడు ముందే అన్నీ సిద్ధం చేసుకున్నాడు. కానీ ఆ దేశంలో అప్పట్లో వాట్సాప్ కాల్స్ పనిచేసేవి కాదు. పద్నాలుగు గంటలు ధ్రువపు చలిమీదా సముద్రాల మీదా ఎగిరొచ్చిన మనిషి, మూడున్నర గంటల దూరంలో నిలబడి, తల్లి మొహం చూడలేకపోయాడు. మామూలు ఫోనే కలిపాం. పాడె లేచేదాకా ఫోను నేను పట్టుకున్నాను, తర్వాత మేనల్లుడు తీసుకెళ్ళాడు. పురోహితుడి మంత్రం, డప్పు, మా వారి గొంతు, అన్నీ ఆ ఫోన్లోనే వింటూ అతను విమానాశ్రయంలో ఏ మూల కూర్చున్నాడో ఇప్పటిదాకా మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

శనివారం తొమ్మిదీ నలభైకి కారు వచ్చి ఆగింది. వేసుకున్న లెక్కకి పది నిమిషాలే తేడా. ఇల్లు కడిగి ఉంది, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆదివారం అస్థి సంచయనం అతని చేతే చేయించారు. కొత్తపట్నం సముద్రంలో కలిపి వచ్చాక, మిట్టమధ్యాహ్నం పూట నేలమీద పడుకుని పసిపిల్లాడిలా నిద్రపోయాడు. అతని ఒంటికి అప్పుడు అర్ధరాత్రి మరి. రాత్రి రెండింటికి లేచి వరండాలో కూర్చునేవాడు. మావారూ లేచి పక్కన కూర్చునేవారు. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో తెలియదు కానీ, మూడోరోజు నుంచి నేను రెండింటికి టీ పెట్టడం అలవాటు చేసుకున్నాను.

మేం ఉంచివుంటే బాగుండేదా అని ఎవరైనా అడిగితే నాకు అనుమానం లేదు. ఆవిడ మాటే సరైంది. అయితే ఆ మాట ఆవిడ రెండుచోట్ల చెప్పి ఉండకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అప్పటినుంచీ ఆకాశంలో దారుల గురించి పేపర్లో ఏ వార్త వచ్చినా కత్తిరించి దాచడం నాకో పిచ్చి అయింది. 2020 మార్చిలో విదేశీ విమానాలన్నీ ఆగిపోయాయి. మామూలు సర్వీసులు తిరిగి మొదలయ్యేసరికి 2022 మార్చి. మధ్యలో ప్రత్యేక విమానాలు కొన్ని నడిచినా, ఆ రెండేళ్ళలో ఎంతమంది తల్లిదండ్రుల్ని ఫోన్ తెరమీద సాగనంపారో ప్రతి ఊళ్ళోనూ చెబుతారు. అలాంటి రోజుల్లోనే, 2021 జనవరిలో, జోయా అగర్వాల్, పాపగారి తన్మయి మొదలైన మహిళా పైలట్లు ఎయిరిండియా విమానాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకి తెచ్చారు. నేరు దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. ఆ వారంలోనే షికాగో నుంచి హైదరాబాద్‌కి నేరుగా వారానికో విమానం మొదలైంది. 'అమ్మయ్య, దారం బిగిసింది' అనుకున్నాను. అది ఎక్కువకాలం నడవలేదు.

2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా తన ఆకాశాన్ని ఐరోపా, అమెరికా, కెనడా విమాన సంస్థలకి మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి మూసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే మన విమానాలు కొన్ని ఐరోపాలో ఆగి ఇంధనం పోసుకోవలసి వచ్చింది. భూమి కుంచించుకుపోలేదు, సాగనూ లేదు. జానెడున్నర దారం మధ్యలో ఎవరెవరో ముళ్ళు వేస్తుంటారు, విప్పుతుంటారు. ఆ ముళ్ళ లెక్క మాత్రం ఇంటర్నెట్ గీసే గీతలో ఉండదు.

మా అమ్మాయి కూడా 2021 నుంచి డాలస్‌లోనే ఉంది, వాళ్ళ బాబాయి ఇంటికి పావుగంట దూరంలో. ఒక్కతే కూతురు. పోయిన సంక్రాంతికి మావారూ నేనూ కూర్చుని ఓ తెల్లకాగితం మీద అవసరమైనవన్నీ రాసుకున్నాం. బ్యాంకు లాకరు నంబరు, ఇన్సూరెన్సు, పాలవాడి బాకీతో సహా. ఎవరు పెట్టాలి అన్నచోట ఇద్దరం అమ్మాయి పేరే రాశాం, దాని గురించి వాదన రాలేదు. ఎన్ని రాత్రులు ఉంచాలి అన్నచోట ఆయన 'ఒకటి' అని రాసి పెన్ను నాకిచ్చారు. నేను నా గడిలో 'రెండు' అని రాశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ అంకెకేసి చూసి, "మా అమ్మ ఒకటే అంది కదా" అన్నారు. "మీ అమ్మకి ఇంట్లో ఇంకో కొడుకున్నాడు" అన్నాను. కాగితం మడిచి బీరువాలో పెట్టాం.